సస్కాచెవాన్ పల్లెలో అద్దె ఇల్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలు కెనడాలో పెద్ద నగరాలు వదిలేసి, మధ్యలో ఉన్న ప్రెయిరీ రాష్ట్రాల చిన్న ఊళ్లకి వెళుతున్నారు. ప్రెయిరీ అంటే ఆల్బెర్టా, సస్కాచెవాన్, మానిటోబా. కనుచూపు మేర గోధుమ, కనోలా, మైసూరుపప్పు పండే చదును నేల. నేను ఉద్యోగం కోసం సస్కాచెవాన్‌లో అలాంటి ఊళ్లో కొన్నేళ్లు అద్దెకి ఉండి, ఇప్పుడు శ్రీకాకుళం వచ్చేశాను కాబట్టి ఎక్కువగా ఆ రాష్ట్రం సంగతే చెబుతాను. మిగతా రెండు చోట్లా రూలు వేరేగా ఉంటే అక్కడక్కడా ఆ మాట అంటాను.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయికి సస్కాచెవాన్‌లో వెయ్యి మంది కూడా లేని ఊళ్లో, వ్యవసాయ యంత్రాల షోరూంలో మెకానిక్ ఉద్యోగం వచ్చింది. నెట్‌లో ఎంత వెతికినా ఆ ఊళ్లో ఒకే ఒక్క ఇల్లు కనిపించింది. ఓనరు వేరే దేశంలో ఉన్నానని, తాళాలు కొరియర్‌లో పంపుతానని అంటున్నాడు. మొదటి నెల అద్దె, ఒక నెల డిపాజిట్ రెండూ ఇప్పుడే పంపమంటున్నాడు. ఈ ఇల్లు కూడా చేజారిపోతే పిల్లాడు ఎక్కడ ఉంటాడోనని టెన్షన్‌గా ఉంది. పంపమంటారా?
— ఒక తల్లి, నరసన్నపేట

జవాబు: పంపకండమ్మా. ఒక్క డాలరు కూడా పంపకండి. ఓనరు దేశంలో లేడు, ఇల్లు చూపించే మనిషి లేడు, తాళాలు కొరియర్‌లో వస్తాయి, డబ్బు మాత్రం ఇవాళే కావాలి. ఈ నాలుగూ ఒకేచోట కలిశాయంటే అది మోసమని తీర్మానించేసుకోవచ్చు. ఎవరో అమ్మకానికి పెట్టిన ఇంటి ఫోటోలు ఎత్తుకొచ్చి అద్దెకని పెడుతుంటారు. అక్కడ బ్యాంకు నుంచి ఈ-ట్రాన్స్‌ఫర్ చేస్తారు కదా, అవతలివాడు ఒకసారి తీసేసుకున్నాక అది వెనక్కి రావడం దాదాపు జరగని పని.

ఇంకో ఆనవాలు మీ ఉత్తరంలోనే ఉంది. సస్కాచెవాన్‌లో డిపాజిట్ ఒక నెల అద్దెకి మించకూడదు, అందులోనూ మొదట సగమే అడగాలి, మిగతా సగం ఇంట్లో చేరాక రెండు నెలల్లోపు కడితే చాలు. మొత్తం ఒకేసారి అడుగుతున్నాడంటే రూలు తెలియని ఓనరైనా అయ్యుండాలి, అసలు ఓనరే కాకపోయైనా ఉండాలి. మానిటోబాలో అయితే డిపాజిట్టే అర నెల అద్దెకి మించకూడదు. ఆల్బెర్టాలో ఒక నెల దాకా అడగొచ్చు.

మరి ఇల్లు ఎలా అంటారా? ఆ ఊళ్లల్లో ఇళ్లు నెట్‌లోకి ఎక్కేలోపే నోటి మాట మీద అయిపోతాయి. మన దగ్గర కూడా టులెట్ బోర్డు కట్టకముందే కిరాణా కొట్టులో చెప్పుకుంటే ఇల్లు కుదిరిపోతుంది కదా, అక్కడా అంతే. అందుకని మీ అబ్బాయి మొదట ఫోన్ చేయాల్సింది తనకి ఉద్యోగం ఇచ్చిన మేనేజరుకే. "నాకు ఇల్లు కావాలి, ఊళ్లో ఎవరిదైనా ఖాళీగా ఉందా" అని నేరుగా అడగమనండి, అందులో నామోషీ ఏమీ లేదు, అక్కడ అందరూ అలాగే అడుగుతారు. తర్వాత టౌన్ ఆఫీసు. ఊరి పేరుతో వెబ్‌సైట్ ఉంటే అందులో నంబరు దొరుకుతుంది. నీళ్ల బిల్లులు వాళ్లే చూస్తారు కాబట్టి ఏ ఇల్లు ఖాళీ అయిందో ఆ కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషికి తెలుస్తుంది. చాలా చిన్న ఊళ్లల్లో ఉత్తరాలు ఇంటికి తెచ్చివ్వరు, ఎవరి పెట్టె వాళ్లు పోస్టాఫీసుకి వెళ్లి తెరుచుకోవాలి. అంటే ఊరంతా పోస్టాఫీసుకి రావాల్సిందే, దాని గోడ మీద, కో-ఆప్ స్టోరు గోడ మీద చేత్తో రాసిన అద్దె కాగితాలు ఉంటాయి. వాటిని ఫోటో తీసి పంపమని అక్కడ పనిచేసే వాళ్లని అడగొచ్చు.

మొదటి రెండు మూడు వారాలకి ఊళ్లో మోటల్ గది గానీ, కంపెనీవాళ్లు చూపించే గది గానీ చాలు. ఇల్లు కళ్లతో చూశాకే డబ్బు కట్టాలి. ఖర్చు ఎక్కువైందని బాధపడకండి, మోసగాడి చేతిలో పోయే రెండు నెలల డబ్బు కంటే అది తక్కువే.

ప్రశ్న: నేను సస్కటూన్‌లో చదువు పూర్తి చేశాను. రెండు గంటల దూరంలో చిన్న ఊళ్లో ఉద్యోగం. అక్కడ విడి ఇల్లే సస్కటూన్‌లో సింగిల్ బెడ్‌రూం అపార్ట్‌మెంట్ కంటే చవగ్గా వస్తోంది. ఓనరు మంచివాడే, ఇల్లు జూన్‌లో చూశాను, బాగుంది. సంతకం పెట్టేముందు ఇంకా ఏమైనా అడగాలా?
— రాజాం కుర్రాడు

జవాబు: జూన్‌లో ఏ ఇల్లైనా బాగానే ఉంటుంది తమ్ముడూ. నువ్వు అడగాల్సినవన్నీ జనవరి గురించే. అద్దె చవగ్గా ఉన్న పాత ఇంట్లో చలికాలం వేడికయ్యే ఖర్చు ఆ మిగులుని మింగేయొచ్చు, ఇల్లు వెచ్చగా ఉంటే మాత్రం నిజంగానే లాభం. సస్కటూన్ చలి నీకు తెలుసు, కానీ అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాడికి వేడి సంగతి వేరేవాళ్లు చూసుకుంటారు. విడి ఇంట్లో అది నీ నెత్తినే పడుతుంది.

మొదటి ప్రశ్న: గ్యాసు, కరెంటు అద్దెలో కలిసి ఉన్నాయా లేదా? కలిసి లేకపోతే కిందటి జనవరి, ఫిబ్రవరి బిల్లులు చూపించమని అడుగు. ఏడాది సరాసరి చెబితే ఒప్పుకోవద్దు, ఆ రెండు నెలల బిల్లులే కావాలి. గ్యాసు సస్క్‌ఎనర్జీది, కరెంటు సస్క్‌పవర్‌ది, రెండూ రాష్ట్ర ప్రభుత్వ సంస్థలే. బిల్లు ఏడాది పొడుగునా సమానంగా కట్టే ఏర్పాటు ఉంటుంది, చలికాలంలో ఒక్కసారిగా మీద పడకుండా దాన్ని పెట్టించుకో.

రెండోది ఫర్నేస్, అంటే ఇల్లంతా వెచ్చబెట్టే యంత్రం. బేస్‌మెంట్‌లోకి దిగి నువ్వే చూడు. ఎప్పటిది, కిందటిసారి సర్వీసు ఎప్పుడు చేయించారు, అర్ధరాత్రి ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఆ మనిషి ఊళ్లో ఉంటాడా లేక గంట దూరం నుంచి రావాలా? బయట మైనస్ ముప్పై ఉన్నప్పుడు ఫర్నేస్ ఆగితే కొన్ని గంటల్లోనే ఇల్లు చల్లబడిపోతుంది, ఆ తర్వాత గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగులుతాయి. కొత్త రకం ఫర్నేసులకి గోడ పక్క నుంచి రెండు తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు బయటికి వస్తాయి, ఒకటి గాలి లోపలికి, ఒకటి పొగ బయటికి. మంచు పేరుకుని అవి మూసుకుపోతే ఫర్నేస్ ఆగిపోతుంది. మంచు తుపాను వచ్చిన ప్రతిసారీ బయటికి వెళ్లి ఆ గొట్టాల చుట్టూ పారతో శుభ్రం చేసుకోవాలి. ఈ మాట నాకు చెప్పింది పక్కింటి రైతు, ఓనరు చెప్పలేదు. అందుకే నీకు రాస్తున్నాను. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ ఉన్నాయో లేదో కూడా చూడు, 2022 జూలై 1 నుంచి ఆ రాష్ట్రంలో ప్రతి ఇంటికీ అవి తప్పనిసరి. ఉన్నాయి కదా అని వదిలేయకుండా బటన్ నొక్కి మోగుతున్నాయో లేదో విను.

మూడోది కిటికీలు. పాత ఇళ్లల్లో చలికాలం తెల్లారి లేచేసరికి అద్దానికి లోపలి వైపు మంచు పట్టి ఉంటుంది, మధ్యాహ్నానికి కరిగి కిటికీ గుమ్మం మీద నీళ్లు నిలిచి చెక్క కుళ్లుతుంది. అందుకే కిటికీ కింది చెక్కని వేలితో నొక్కి చూడు, మెత్తగా దిగితే ఆ కిటికీ ఏటా తడుస్తోందన్నమాట. దానికి చవకైన ఉపాయం ఉంది. హార్డ్‌వేర్ కొట్లో కిటికీకి అంటించే పల్చటి ప్లాస్టిక్ దొరుకుతుంది, చుట్టూ టేపుతో అంటించి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి కొడితే బిగుసుకుని అద్దంలా నిలబడుతుంది. అక్టోబరులోనే చేసేసుకో.

కారు ఎక్కడ పెడతారు, అక్కడ కరెంటు ప్లగ్ ఉందా అనేది నాలుగోది. అక్కడ కార్ల ముందు భాగం నుంచి చిన్న వైరు వేలాడుతూ ఉంటుంది, చూసే ఉంటావు. అది బ్లాక్ హీటర్‌ది. మైనస్ పదిహేను దాటిందంటే దాన్ని ప్లగ్‌లో పెట్టి ఇంజను వెచ్చబెట్టాలి, పొద్దున్నకి కారు స్టార్ట్ కావాలంటే. రాత్రంతా పెట్టక్కర్లేదు, టైమరు కొనుక్కుని బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు వెలిగేలా చేస్తే సరిపోతుంది. ఇంటి ముందు మంచు తీసే పని ఎవరిది, వేసవిలో గడ్డి కోసే పని ఎవరిది అనేది కాగితం మీద రాయించుకో. నోటి మాట మీద పెట్టుకుంటే గొడవలు వచ్చేది దీని దగ్గరే.

చివరగా, అద్దెకున్నవాళ్ల ఇన్సూరెన్స్ తీసుకో. అందులో ఒక షరతు చదవకుండా సంతకం పెట్టొద్దు: చలికాలంలో ఇల్లు వదిలి వెళితే ఎవరో ఒకరు వచ్చి ఇల్లు చూసి వెళుతుండాలని చాలా పాలసీల్లో ఉంటుంది, అలా చూడకపోతే గొట్టాలు పగిలిన నష్టానికి డబ్బు రాదు. సంక్రాంతికి రాజాం వచ్చి నెల్లాళ్లు ఉందామనుకునేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి వెళ్లు, వాళ్లు తప్పకుండా చూస్తారు.

ప్రశ్న: మా ఆయన ముందు వెళ్లారు, నేను, ఇద్దరు పిల్లలు ఏప్రిల్‌లో వెళుతున్నాం. ఊరికి బస్సు లేదంటున్నారు, నిజమేనా? నాకు స్కూటీ తప్ప ఏమీ రాదు. బియ్యం, పప్పులు, డాక్టరు, బడి... తలచుకుంటే నిద్ర పట్టడం లేదు.
— బొబ్బిలి గృహిణి

జవాబు: బస్సు నిజంగానే ఉండకపోవచ్చమ్మా. సస్కాచెవాన్‌లో ఊరూరా తిరిగే ప్రభుత్వ బస్సు సంస్థని 2017 మే 31తో మూసేశారు. ఆ తర్వాత 2018 అక్టోబరు ఆఖరుకి పశ్చిమ కెనడాలో గ్రేహౌండ్ కూడా ఆగిపోయింది. బొబ్బిలి నుంచి విజయనగరానికి ఎప్పుడు కాంప్లెక్స్‌కి వెళ్లినా బస్సు దొరుకుతుందన్న ధైర్యంలో పెరిగిన మనకి ఇది మొదట్లో ఊపిరాడనట్టు ఉంటుంది. అందుకే ఇక్కడ ఉన్న ఈ కొద్ది నెలల్లో మీరు చేయాల్సిన పని ఒకటే, కారు నేర్చుకోండి. లైసెన్సు తీసుకోండి. అక్కడ కుడివైపు నడపాలి, స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, అది అలవాటవుతుంది, క్లచ్ బాధ కూడా ఉండదు. కానీ రోడ్డు మీద భయం పోవడం ఇక్కడే జరగాలి. మన లైసెన్సుతో కొత్తగా చేరినవాళ్లు తొంభై రోజులు నడపొచ్చు, ఆ లోపు అక్కడి రాత పరీక్ష, రోడ్డు పరీక్ష పాసవ్వాలి. ఈ పరీక్షలు ఎస్‌జీఐ అనే ప్రభుత్వ సంస్థ పెడుతుంది. ఏప్రిల్‌లో వెళుతున్నారు కాబట్టి మీకు మంచు లేని నెలలు కలిసొస్తాయి, మొదటి శీతాకాలానికి ముందే చేయి తిరిగిపోవాలి.

చలికాలంలో పొరుగూరు వెళ్లినా సరే కారు డిక్కీలో దుప్పటి, పార, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, తినడానికేదైనా, చార్జింగ్ ఉన్న ఫోను ఉండాలి. బయల్దేరే ముందు హైవే హాట్‌లైన్‌లో రోడ్డు పరిస్థితి చూసుకోండి, ప్రయాణం వద్దని అందులో ఉంటే పెళ్లి పిలుపు అయినా సరే మానుకోండి. సాయంత్రం చీకటి పడే వేళ జింకలు రోడ్డుకి అడ్డం వస్తాయి, అప్పుడు నెమ్మదిగా పోవాలి.

పప్పు సంగతి వింటే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. మన దేశానికి వచ్చే మైసూరుపప్పులో బోలెడంత ఆ రాష్ట్రంలోనే పండుతుంది. అయినా ఊళ్లో కొట్టుకి వెళితే చిన్న పొట్లం దొరికితే దొరికినట్టు, కందిపప్పు, మినప్పప్పు మాత్రం సస్కటూనో రిజైనానో వెళ్లి తెచ్చుకోవాల్సిందే. అక్కడ దాదాపు ప్రతి ఇంట్లో పెద్ద డీప్ ఫ్రీజరు ఉంటుంది, ఇల్లు చూసేటప్పుడే ఉందేమో అడగండి. నెలకోసారి నగరానికి వెళ్లి కరివేపాకు, పచ్చిమిర్చి, కొబ్బరి తురుము, దోసెల పిండి అన్నీ అందులో పెట్టేయొచ్చు.

పిల్లల బడి గురించి బెంగ వద్దు, పొలాల్లో ఉన్న ఇళ్లకి కూడా బడి బస్సు వస్తుంది. డాక్టరు విషయమే జాగ్రత్త. చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో సిబ్బంది చాలక ఎమర్జెన్సీ విభాగం కొన్ని రోజులు మూసేయడం జరుగుతుంటుంది, దగ్గర్లో తెరిచి ఉండే పెద్దాసుపత్రి ఏది, ఎంత దూరం అనేది ఇల్లు ఖాయం చేయకముందే తెలుసుకోమని మీవారికి చెప్పండి. 811కి ఫోన్ చేస్తే నర్సు మాట్లాడుతుంది, పిల్లలకి రాత్రి జ్వరం వస్తే ఏం చేయాలో చెబుతుంది.

ప్రశ్న: ప్రెయిరీలో పల్లెటూళ్లకి వెళితే త్వరగా పీఆర్ (శాశ్వత నివాసం) ఇస్తారని, ఉద్యోగం, ఇల్లు రెండూ తనే ఇప్పిస్తానని విశాఖలో ఒక ఏజెంటు పన్నెండు లక్షలు అడుగుతున్నాడు. రెండెకరాలు అమ్మితే వస్తాయి. పీఆర్ వచ్చాక మావాడు ఆ ఊళ్లోనే ఉండిపోవాలా?
— చీపురుపల్లి రైతు

జవాబు: బాబూ, ముందు పొలం సంగతి. అమ్మకండి. సస్కాచెవాన్ చట్టం ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు పనివాడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు తీసుకుని కెనడా వీసా సలహా ఇచ్చేవాడు అక్కడి లాయరైనా అయ్యుండాలి, ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీలో (చదువుల కాలేజీ కాదు, వాళ్ల మీద అజమాయిషీ చేసే సంస్థ) రిజిస్టరైన మనిషైనా అయ్యుండాలి. ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. మన వైపు నుంచి విదేశీ ఉద్యోగాలకి పంపే ఏజెంటుకి విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి, ఈమైగ్రేట్ పోర్టల్‌లో అదీ చూడొచ్చు. ఆయన పేరు ఈ రెండు చోట్లా లేకపోతే రెండో మాట మాట్లాడకుండా లేచి వచ్చేయండి.

ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. 2025 జనవరిలో కెనడా ప్రభుత్వం గ్రామీణ ప్రాంతాల కోసం ఒక పైలట్ పథకం మొదలుపెట్టింది. అందులో ఎంపిక చేసిన ఊళ్లు, ప్రాంతాలు పద్నాలుగు. ప్రెయిరీలో సస్కాచెవాన్ నుంచి మూస్ జా, ఆల్బెర్టా నుంచి క్లేర్స్‌హోమ్, మానిటోబా నుంచి బ్రాండన్, స్టైన్‌బాక్, ఆల్టోనా-రైన్‌ల్యాండ్ ఉన్నాయి. వేరే ఏదో పల్లెలో ఉద్యోగం చూపించి ఈ పథకం కింద పీఆర్ వస్తుందని చెబితే నమ్మొద్దు. ఆ ఊరు గుర్తించిన యజమాని ఉద్యోగం ఇవ్వాలి, ఊరివాళ్లు సిఫార్సు చేయాలి, మామూలుగా అయితే గత మూడేళ్లలో ఆ పనికి సంబంధించి ఏడాది అనుభవం ఉండాలి, ఇంగ్లీషో ఫ్రెంచో పరీక్ష రాయాలి. వీటిలో ఏదీ ఏజెంటు డబ్బుతో కొనిచ్చేది కాదు.

దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ ఊళ్లో ఉండాలన్న ఉద్దేశం నిజంగా ఉండాలి. పీఆర్ వచ్చాక దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు రాజ్యాంగంలోనే ఉంది, ఎవరూ కట్టేయరు. కానీ మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. ఊళ్లో మనుషులు మూతపడబోయే బడిని, ఆసుపత్రిని నిలబెట్టుకోవాలని కొత్తవాళ్లని పిలుస్తున్నారు. వచ్చిన మర్నాడే ఎప్పుడు పోదామా అని చూసేవాడి వల్ల వెనక వచ్చే మన పిల్లలకి తలుపులు మూసుకుపోతాయి. మన ఉద్దానం నుంచి, పాలకొండ నుంచి హైదరాబాదుకి, చెన్నైకి వలస పోయి ఊళ్లు ఎలా ఖాళీ అయ్యాయో మనం చూశాం. ఆ ఊళ్ల బాధ మనకి అర్థం కావాలి.

ఇల్లు కూడా ఉద్యోగం ఇచ్చేవాడిదే అయితే ఇంకో జాగ్రత్త. పని పోయిన రోజునే గూడు కూడా పోతుంది. అద్దె ఎంత కోస్తున్నారు, ఉద్యోగం మానితే ఎన్నాళ్లలో ఖాళీ చేయాలి అనేవి ఉద్యోగ కాగితంతో కలపకుండా విడిగా రాయించుకోవాలి. ఒకే యజమాని దగ్గర పనిచేసే పర్మిట్ మీద ఉన్నవాళ్లని వేధిస్తే, వేరేచోట పని చేసుకోవడానికి ఓపెన్ వర్క్ పర్మిట్ అడిగే వీలు 2019 నుంచి ఉంది. ఈ సంగతి తెలియక ఎంతోమంది నోరు మూసుకుని పడి ఉంటున్నారు.

ప్రశ్న: అప్పా, నాకు ఒక పెద్దావిడ ఇంట్లో బేస్‌మెంట్ గది దొరికింది. వంటిల్లు, బాత్రూం ఆవిడతో కలిపి వాడుకోవాలి. చాలా మంచావిడ. కానీ మన వంట వాసన, తాళింపు ఘాటు... భయంగా ఉంది. ఆవిడ ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలా?
— పాలకొండ అమ్మాయి

జవాబు: నీ చివరి ప్రశ్నకి ముందు చెబుతాను చెల్లీ, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. ఓనరుతో వంటిల్లో బాత్రూమో పంచుకుంటే సస్కాచెవాన్ అద్దె చట్టం నీకు వర్తించదు. విడి వాటా తీసుకున్నవాళ్ల గదిలోకి ఓనరు రావాలంటే ఇరవై నాలుగు గంటల ముందు రాసి ఇవ్వాలి. డిపాజిట్‌కి హద్దు ఉంటుంది, ఖాళీ చేయించడానికి పద్ధతి ఉంటుంది. నీకు అవేవీ లేవు. ఆవిడ మంచితనమే నీ చట్టం. అందుకని ఒక కాగితం మీద అద్దె, డిపాజిట్, ఎవరు వద్దనుకున్నా నెల ముందు చెప్పాలన్న మాట రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. మంచావిడ కాబట్టే ఒప్పుకుంటుంది.

ఇంకొకటి, బేస్‌మెంట్‌లో పడుకునే గదికి మనిషి దూరి బయటికి రాగలిగినంత కిటికీ ఉందా? పైన మంట అంటుకుంటే మెట్లు దారి కావు. ఆ కిటికీ తెరిచి చూడు, బయట మంచు పేరుకున్నప్పుడు కూడా తెరుచుకునేలా ఉండాలి. లేకపోతే ఆ గది వద్దు, ఆవిడ ఎంత మంచిదైనా సరే.

వాసన సంగతికొస్తే, చేరిన వారమే ఆవిడకి వండి పెట్టు. కారం తగ్గించి పప్పు, బంగాళదుంప వేపుడు, చపాతీ చేయి. తాళింపు వేసేటప్పుడు ఫ్యాను పెట్టుకో, ఎండుచేప మాత్రం అక్కడ వేయించకు. నాకు తెలిసిన చాలా ఇళ్లల్లో రెండు మూడు నెలలకే "ఇవాళ ఏం వండుతున్నావు" అని పెద్దావిడలే కిందకి దిగి వచ్చారు.

ప్రశ్న: సస్కాచెవాన్‌లో ఉన్న మా పాపకి ఎప్పుడు ఫోన్ చేసినా నిద్రలో ఉంటోంది. అక్కడ టైము నవంబరులో మారుతుందట, మార్చిలో మళ్లీ మారుతుందట, గుర్తు పెట్టుకోలేకపోతున్నాం.
— ఒక తండ్రి, ఆమదాలవలస

జవాబు: మానిటోబా, ఆల్బెర్టాల్లో అలా మారుతూ వచ్చింది కానీ మీ పాప ఉన్న సస్కాచెవాన్‌లో గడియారం మార్చరండి. ఏడాదంతా మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మనకి ఉదయం ఎనిమిదైతే వాళ్లకి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. పొద్దున్నే మీరు టీ తాగే టైముకి చేస్తే పాప పని ముగించుకుని భోంచేసి ఉంటుంది. రాత్రి పదకొండుకి మీరు చేస్తే అక్కడ పొద్దున్న పదకొండున్నర, అంటే డ్యూటీలో ఉంటుంది.

ప్రశ్న: ఊరికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో పొలాల మధ్య పాత ఫామ్‌హౌస్, నలుగురం కలిసి తీసుకుంటే తలకి చాలా తక్కువ పడుతుంది. మాలో ఎవరి దగ్గరా పెద్ద బండి లేదు. తీసుకోవచ్చా?
— గజపతినగరం నుంచి వెళ్లిన నలుగురు

జవాబు: మొదటి చలికాలానికి వద్దు తమ్ముళ్లూ. ఆ దారి గ్రిడ్ రోడ్డు, అంటే కంకర రోడ్డు, మంచు తీయించే బాధ్యత రూరల్ మునిసిపాలిటీది. వాళ్లు ఒక్కో గ్రేడరుతో మైళ్లకి మైళ్లు తీసుకుంటూ రావాలి, మీ వంతు వచ్చేసరికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. రోడ్డు నుంచి ఇంటి దాకా ఉన్న దారి మాత్రం మీరే తీసుకోవాలి, పారతో అయ్యే పని కాదు, ట్రాక్టరు ఉన్న పక్క రైతుతో ముందే మాట్లాడుకోవాలి. ఈ నలుగురిలో ఎవరి దగ్గరా పెద్ద బండి లేదని మీరే రాశారు.

తీసుకునే తీరాలంటే ఇవి అడగండి. నీళ్లు బావివా, ట్యాంకరుతో తెప్పించి సిస్టర్న్ అనే తొట్టిలో నింపుకునేవా? బావివైతే ఎప్పుడు పరీక్ష చేయించారు? వేడి గ్యాసు లైనుదా, ప్రొపేన్ ట్యాంకుదా? ప్రొపేన్ అయితే ట్యాంకు ఇప్పుడు ఎంత నిండి ఉంది, నింపించే ఖర్చు ఎవరిది? సెప్టిక్ ట్యాంకు ఎప్పుడు తోడించారు? నలుగురు స్నానాలు చేసి, బట్టలు ఉతికితే ఇద్దరి కోసం కట్టిన ట్యాంకు పొంగుతుంది. కరెంటు పోతే ఫర్నేస్ ఫ్యాను తిరగదు, కట్టెల పొయ్యి గానీ జనరేటరు గానీ ఉందా? వసంతంలో మంచు కరిగేటప్పుడు బేస్‌మెంట్‌లోకి నీరు ఊరుతుంది, దాన్ని బయటికి తోడే సంప్ పంపు పని చేస్తోందా? ఓనరు ఈ ప్రశ్నలకి విసుక్కోకుండా జవాబు చెబితే ఆ ఇల్లు చూడొచ్చు, "అదేం ఫర్వాలేదులే" అంటే మాత్రం వదిలేయండి.

ప్రశ్న: రెండేళ్లు ఉన్న ఇల్లు ఖాళీ చేస్తున్నాను. పాత గీతలు చూపించి డిపాజిట్ ఇవ్వనంటారేమోనని అనుమానం. అద్దె కూడా ఒకసారి ఇష్టం వచ్చినట్టు పెంచారు.
— టెక్కలి పాఠకుడు, ప్రస్తుతం సస్కాచెవాన్

జవాబు: అద్దె పెంపు మీద సస్కాచెవాన్‌లో శాతం పరిమితి లేదు, ఆల్బెర్టాలోనూ లేదు. మానిటోబాలో ఏటా ప్రభుత్వం హద్దు ప్రకటిస్తుంది, 2025కి అది 1.7 శాతం. అయితే నెలనెలా ఒప్పందం మీద ఉన్నవాళ్లకి సస్కాచెవాన్‌లో పెంచేముందు ఏడాది నోటీసు ఇవ్వాలి, ఓనరు అక్కడి ఓనర్ల సంఘంలో సభ్యుడైతే ఆరు నెలలు. మీకు అలా రాతపూర్వకంగా ఇవ్వకుండా పెంచి ఉంటే అద్దె తగాదాలు తీర్చే ఆఫీస్ ఆఫ్ రెసిడెన్షియల్ టెనెన్సీస్‌లో అడగండి, దానికి లాయరు అక్కర్లేదు.

నెలనెలా ఒప్పందమైతే మీరు ఒక నెల ముందు రాసి ఇవ్వాలి. ఫిబ్రవరి ఆఖరుకి ఖాళీ చేయాలంటే జనవరి ముగిసేలోపు నోటీసు ఓనరు చేతికి అందాలి, ఫిబ్రవరి ఒకటిన ఇస్తే మార్చి అద్దె కూడా మీద పడుతుంది. చేరినప్పుడు తీసిన ఫోటోలు ఫోన్‌లో వెతకండి, తేదీతో సహా ఉంటాయి. ఖాళీ చేసే రోజు పొయ్యి లోపల, ఫ్రిజ్ వెనక, బేస్‌మెంట్ మూల కూడా తుడిచి మళ్లీ ఫోటోలు తీసి, వీలైతే ఓనరుతో కలిసి తిరిగి చూసి, కొత్త అడ్రసు రాసి ఇవ్వండి. ఏడు పనిదినాల్లోపు డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, లేదా ఎందుకు పట్టుకుంటున్నారో మీకు రాసి తెలపాలి. మామూలు వాడకంలో పడే గీతలకి, వెలిసిన రంగుకి డబ్బు కోయకూడదు. ఏడో పనిదినం దాటినా జవాబు రాకపోతే ఎనిమిదో పనిదినానే ఆ ఆఫీసుకి దరఖాస్తు పెట్టేయండి, ఫోటోలు, అద్దె కట్టిన రసీదులు, నోటీసు కాపీ దానికి జత చేయండి.